ఎడ్డీస్టన్ దీపస్తంభము



ప్రాచీనమైన కట్టడ మొకటి శిథిలమైనప్పుడు దానిని ఉద్ధరించుట యన నేమి? పగిలినచోట పూత పూసి, వెలిసినచోట రంగు వేసి, దూరమునుండి చూచువారికి క్రొత్తదానివలె కనబడునట్లు చేసినచో పని ముగిసినదని మనలో పెక్కుమంది తలంతురు. కాని దానిని తొలుత నిర్మించిన వాడు ఏ రాతిని ఏల ఎన్నుకొనెను, ఏ సున్నమును ఎట్లు కలిపెను, ఏ యాపదకు వెరచి ఏ యుపాయము పన్నెను అను విషయము నెరుగక చేసిన మరమ్మతు పైమెరుగే గాని ఉద్ధరణము కానేరదు. ఈ సత్యమును తెలుపుటకు దీపస్తంభములకంటె మంచి నిదర్శనము లేదు. ఏలయన, ఇంటి గోడలో దాగియున్న లోపము తరతరములు బయటపడక పోవచ్చును. సముద్రమధ్యమున నున్న స్తంభమందలి లోపమును తరంగములు ఒక్క శీతకాలములోనే వెదకి పట్టుకొనును. కావున ఇంగ్లండు దేశపు దక్షిణ తీరమున, ఎడ్డీస్టన్ శిలలమీద ఒకదాని వెనుక నొకటిగా వెలసిన నాలుగు దీపస్తంభముల చరిత్రమును, అందు మూడవదానిని ప్లిమత్ పురజనులు ఒడ్డునకు తెచ్చి నిలుపుకొన్న వృత్తాంతమును నేడు మీకు విన్నవింపదలచితిని.

ప్లిమత్ రేవునకు దక్షిణ నైరృతి దిశగా, సుమారు 14 మైళ్ల దూరమున, సముద్రగర్భమునుండి ఎర్రని బండలు కొన్ని పైకి లేచియున్నవి. పోటు వచ్చినప్పుడు అవి చాలవరకు నీట మునిగిపోవును. ఆటు సమయమున మాత్రము వాలుగా నున్న వాని వీపులు బయటపడును. అట్లాంటిక్ మహాసముద్రమును దాటి వచ్చి, ఇంగ్లీషు చానలులో ప్రవేశించి, ప్లిమత్ రేవును చేరగోరు నావలకు ఈ బండలు సరిగా దారిలో నడ్డముగా నున్నవి. వేలకొలది మైళ్ల ప్రయాణమును నిర్విఘ్నముగా సాగించి, ఇంటి దీపములు కనబడబోవు వేళకు ఇచ్చట తాకి బ్రద్దలైన ఓడ లెన్నియో కలవు. ఐనను పదునేడవ శతాబ్ది చివరివరకు ఆ శిలమీద దీపము నిలుపుటకు పూనుకొన్నవాడు లేడు. నడిసముద్రమున, నాలుగు దిక్కుల నుండియు అలలు మీదబడు ఏకాకి శిలపై కట్టడము కట్టిన అనుభవము ఆనాడు ఆ దేశమున నెవ్వరికిని లేకుండెను.

మొదట సాహసించినవాడు హెన్రీ విన్‌స్టాన్లీ. ఈతడు లోహఫలకములపై చిత్రములు చెక్కు కళాకారుడు. చిత్రవిచిత్రములగు యంత్రములతో ప్రజలను వినోదింపజేసి ధనము గడించినవాడు. ఆ ధనముతో ఓడలు కొని, ఎడ్డీస్టన్ శిలలపాలు చేసికొన్నవాడు. తన నావలను మ్రింగిన బండమీద తానే దీపము వెలిగింతునని పూని, 1696లో పని ఆరంభించి, శిలలో పండ్రెండు రంధ్రములు తొలిపించి, వానియందు ఇనుప స్తంభములను నాటించెను. ఆనాడు ఇంగ్లండునకును ఫ్రాన్సునకును యుద్ధము జరుగుచుండెను. 1697లో ఒక ఫ్రెంచి నావవారు శిలమీద పనిచేయుచున్న విన్‌స్టాన్లీని బంధించి తమ దేశమునకు గొనిపోగా, పదునాలుగవ లూయీ రాజు ఆ సంగతి విని, సకల దేశముల నావికులకును మేలుచేయు పనివానిని పట్టి తెచ్చుట తగదని ఆతనిని విడిపించి పంపెను. 1698 నవంబరు 14వ తేదీ రాత్రి ఆ శిలపై మొదటిసారి కొవ్వొత్తుల వెలుగు కనబడెను.

కాని విన్‌స్టాన్లీకి సముద్రముకంటె అలంకారముపై ప్రీతి యెక్కువ. వసారాలతోను, చిత్రములైన నగిషీలతోను, పలు పలకలతోను కూడిన ఆ కట్టడము చూచుటకు ముచ్చటగా నుండెనేగాని, ప్రతి మూలయు, ప్రతి అంచును అలకు పట్టు దొరకు తావాయెను. మరుసటి యేట దానిని మరింత ఎత్తుగను, మరింత లావుగను పెంచి కట్టించి, ఎంతటి తుపాను వచ్చినను తాను అందుండి చూడగోరుదునని ఆతడు ధీమాగా పలికెనట. 1703 నవంబరు 26వ తేదీ రాత్రి ఇంగ్లండు చరిత్రలోనే మహాభయంకరమగు గాలివాన చెలరేగెను. విన్‌స్టాన్లీ మరమ్మతుల నిమిత్తము ఆ రాత్రి దీపస్తంభముననే యుండెను. తెల్లవారి చూచునప్పటికి శిలలో నాటిన ఇనుప ముక్కలు కొన్ని తప్ప స్తంభము లేదు, దానిని కట్టినవాడును లేడు. పిమ్మట రెండు దినములకే, వర్జీనియా నుండి పొగాకు నింపుకొని వచ్చిన వించెల్సీ యను ఓడ, దీపము లేని ఆ శిలను గుద్దుకొని మునిగిపోయెను. ఆ దీపము ఉన్న అయిదేండ్లలో దాని విలువను గుర్తింపనివారు సైతము దాని లేమి యెట్టిదో రెండు దినములలో తెలిసికొనిరి.

రెండవ స్తంభమును నిర్మించినవాడు జాన్ రడ్యర్డ్. ఆతడు లండను నగరమున పట్టుబట్టల వర్తకుడు. శిల్పశాస్త్ర మభ్యసించినవాడు కాడు. ఐనను, విన్‌స్టాన్లీ పొరపాటును చక్కగా నెరిగినవాడగుటచే, అలంకారములను సంపూర్ణముగా త్యజించి, క్రింద వెడల్పుగను పైకి పోనుపోను సన్నముగను ఉండు నున్నని స్తంభమును యోచించి, ఓడలు కట్టు వడ్రంగులను తోడు తెచ్చుకొనెను. వాలుగా నున్న శిలను మెట్లుమెట్లుగా చెక్కించి, అడుగుభాగమున కలప వరుసల నడుమ రాతి వరుసలను పేర్పించి స్తంభమునకు బరువు కల్పించి, వెలుపల నిలువు పలకలను బిగించి, ఓడకు చేసినట్లే సందులను పూడ్పించెను. 1708లో వెలిగిన ఆ దీపము నలువదియేడేండ్లు అలలను జయించెను. సముద్రము దానిని పడగొట్టలేదు, అగ్ని కబళించెను. 1755 డిసెంబరు 2వ తేదీ రాత్రి దీపపుగది కప్పునకు నిప్పంటుకొనగా, తొంబదినాలుగేండ్ల వృద్ధుడగు హెన్రీ హాల్ అను కాపరి మంటలార్పుటకై నీళ్లు పైకి చిమ్ముచుండ, కప్పుమీది సీసము కరగి ఆతని నోట బడెను. ఆతడు పండ్రెండు దినములకు మరణించిన పిమ్మట వైద్యుడు శరీరమును పరీక్షించి ఏడు ఔన్సులకు పైబడిన సీసపు ముద్దను కడుపునుండి తీసెను. నేటికిని అది స్కాట్లండు జాతీయ వస్తుప్రదర్శనశాలయందు కలదు. కర్తవ్యమును విడువని ఒక సామాన్యుని స్మృతికి అంతకంటె కఠినమైన సాక్ష్యము వేరొకటి ఉండునని నే ననుకొనను.

ఇక మూడవ స్తంభము. రాయల్ సొసైటీ అధ్యక్షుని సిఫారసుపై ఈ పని చేపట్టిన జాన్ స్మీటన్ వయస్సు అప్పటికి ముప్పది రెండేండ్లకు మించలేదు. లీడ్స్ పట్టణమునకు సమీపమున 1724లో జన్మించిన ఈతడు శాస్త్రపరికరములను తయారుచేయు వృత్తిలో నుండి, క్రమముగా జలచక్రములను, గాలిమరలను గూర్చి పరిశోధించుచు నిర్మాణవిద్యలో ప్రవేశించెను. మునుపటివారి పనిని ఎగతాళి చేయక, వారి జయమేదో, అపజయమేదో విడదీసి చూచుట స్మీటన్ యొక్క మహత్తర గుణము. రడ్యర్డ్ రూపమునందలి నునుపు మంచిదని ఆతడు గ్రహించెను. కలప వలన రెండు చిక్కులు, అనగా తేలికదనమును దహనగుణమును కలిగినవని కూడ గ్రహించెను. కావున సర్వమును రాతితోనే కట్టవలెనని నిశ్చయించి, గాలికి నిలిచిన సింధూరవృక్షము తన మొదలును ఎట్లు విశాలముగా వంపుతీర్చి నేలలో నాటుకొనునో చూచి, తన స్తంభపు పాదమునకు ఆ వంపునే యిచ్చెను. నేడు లోకమందు సముద్రశిలలపై కనబడు దీపస్తంభములలో పెక్కింటి ఆకృతికి ఇదియే మూలము.

కాని ఆకృతి చాలదు. అల యొక్క దెబ్బ రాతిని పగులగొట్టుటకంటె ముందు దాని స్థానమునుండి కదల్చును. కదలిన రాతిని పిమ్మట సులభముగా ఊడబెరుకును. అందుచే స్మీటన్ ఏ యొక్క రాయియు ఒంటరిగా కదలలేని యుక్తి పన్నెను. వడ్రంగులు కలప పలకలను ఒండొంటిలో ఇరికించి కలిపినట్లు, ఒక రాతికి వెడల్పు చివర గల తోకను చెక్కించి, ప్రక్కరాతిలో దానికి సరిపడు గూటిని తొలిపించి, వరుసలోని రాళ్లన్నిటిని ఒకే ఫలకముగా బంధించెను. ఒక వరుసకును దానిపై వరుసకును నడుమ పాలరాతి దిమ్మెలను దిగగొట్టి వరుసలు జారకుండ కట్టడిచేసెను. సున్నము గట్టిపడువరకు రాళ్లు కదలకుండుటకు సింధూరపు కొయ్య మేకులను, చీలలను ఉపయోగించెను. వెలుపలి భాగమునకు గట్టిదగు గ్రానైటును, లోపలి భాగమునకు చెక్కుటకు అనుకూలమగు పోర్ట్‌లండు రాతిని వాడెను. ప్లిమత్ ఒడ్డున మిల్‌బే యను తావున రాళ్లను చెక్కించి, వరుస వరుసను అచ్చటనే కూర్చి సరిచూచి, తరువాతనే పడవలపై శిలకు పంపుచుండెను. నడిసముద్రమున రాతిని మరల చెక్కుటకు తీరిక ఎక్కడిది? ఆటుపోట్ల నడుమ దొరకు కొన్ని గంటలే పనికాలము.

పనివారిలో కార్న్‌వాల్ ప్రాంతపు తగరపుగనుల కూలీలు పెక్కుమంది. ఆ కాలమున యుద్ధనావలకు మనుష్యులు చాలక, రేవులలో దొరికినవారిని బలవంతముగా పట్టుకొనిపోవు ఆచారముండెడిది. ఈ పనివారిని ముట్టకుండుటకై ప్రతివానికి ఒక గుర్తింపు పతకమిచ్చిరి. 1757 జూన్ 12న రెండుంబావు టన్నుల బరువు గల తొలిరాతిని శిలపై నిలిపిరి; 1759 ఆగస్టులో చివరిరాతిని అమర్చిరి; ఆ సంవత్సరమే అక్టోబరు 16వ తేదీ రాత్రి ఇరువదినాలుగు కొవ్వొత్తులు వెలిగెను. స్తంభము ఎత్తు 72 అడుగులు. ఇరువదినాలుగు కొవ్వొత్తుల కాంతి మనకు నేడు అల్పముగా తోచవచ్చును. దానికై తమ ప్రాణములను అప్పగించిన నావికులకు అది అల్పము కాదు.

ఇచ్చట సున్నమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన, ఈ కథ కంతటికిని కీలక మదియే. మామూలు సున్నము గాలి తగిలి మెల్లగా గట్టిపడును. నీటిలో నుంచినచో మెత్తబడి కరగిపోవును. రోజునకు రెండుసార్లు ఉప్పునీట మునుగు కట్టడమునకు అట్టి సున్నము పనికిరాదు. స్మీటన్ దేశమునందలి వివిధ ప్రదేశముల సున్నపురాళ్లను తెప్పించి, కాల్చి, నీటితో కలిపి, ఉండలు చేసి, నీటిలో వేసి ఏది గట్టిపడునో, ఏది విడిపోవునో ఓపికతో పరీక్షించెను. అంతకుముందు తెల్లనిది, గట్టిదియగు రాతినుండి మేలైన సున్నము వచ్చునని అందరును నమ్మియుండిరి. ఆ నమ్మకమును ఆతడు పరీక్షకు నిలిపెను. రాళ్లను ఆమ్లములో కరగించి చూడగా, నీటిలో గట్టిపడు సున్నమునిచ్చు రాళ్లలో బంకమన్ను మిగులుచున్నట్లు తేలెను. రాతి యొక్క తెలుపుగాని గట్టితనముగాని కాదు, అందరు మాలిన్యమని తలచు బంకమన్నే నీటిలో బలమునకు కారణమని ఆతడు కనుగొనెను. వేల్సు దేశమందలి అబర్తా సున్నపురాతిని ఎన్నుకొని, దాని సున్నమును ఇటలీ నుండి తెచ్చిన అగ్నిపర్వతపు బూడిదమట్టితో సమభాగములుగా కలిపి వాడెను. రోమనులు ఎరిగియుండి, లోకము చాలవరకు మరచిన విద్యకు ఈ విధముగా శాస్త్రీయమైన ఆధారము దొరకెను. పిదప ఫ్రాన్సులో వికా అను విద్వాంసుడును, ఇంగ్లండులో ఇతరులును ఆ త్రోవలోనే నడచిరి. 1824లో లీడ్స్ పట్టణమువాడే యగు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. మన యిండ్లకు, వంతెనలకు, ఆనకట్టలకు నేడు వాడు సిమెంటు వంశవృక్షమున ఎడ్డీస్టన్ శిల యొక శాఖయని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఈ విద్య మన దేశమునకును వచ్చినది. వికా వ్రాసిన సున్నపు శాస్త్రమును 1837లో ఇంగ్లీషులోనికి తెచ్చినవాడు మద్రాసు ఇంజనీర్ల దళమునకు చెందిన కెప్టెన్ జె. టి. స్మిత్. మద్రాసులో, నేటి హైకోర్టు ఆవరణమున, గ్రీకుల డోరిక్ పద్ధతిలో నిలిచియున్న రాతి దీపస్తంభము ఆతని రచనయే. 1844లో వెలిగిన ఆ దీపము, 1894లో హైకోర్టు గోపురముపై క్రొత్త దీపము నెలకొనువరకు, ఏబదియేండ్లు ఆ రేవునకు దారి చూపినది. ఆనాడు సర్కారు జిల్లాలకును మద్రాసే రాజధాని యగుటచే, మన తెలుగువారి సరుకులను మోసిన నావలెన్నియో ఆ వెలుగు నాశ్రయించియే రేవు చేరినవి.

ఎడ్డీస్టన్‌నకు మరలుదము. స్మీటన్ స్తంభము నూటయిరువదేండ్లకు పైగా నిలిచెను. 1810లో కొవ్వొత్తులకు బదులు ప్రతిఫలకములు గల నూనెదీపములు వచ్చెను. 1845లో గాజు కటకములు వచ్చెను. స్తంభము మాత్రము మారలేదు. 1860 మొదలు బ్రిటిషు పెన్నీ నాణెముపై ఆ దేశమాత ప్రతిమకు వెనుక దీపస్తంభమును చెక్కిరనిన, ప్రజల మనస్సులలో దానికి గల స్థానమెట్టిదో ఊహింపవచ్చును. ఐనను, పెద్ద అల తాకినప్పుడెల్ల స్తంభము కంపించుచున్నదని కాపరులు తెలుపగా, ఇంజనీర్లు పరీక్షించి, కట్టడమునందు ఏ దోషమును లేదనియు, దాని క్రింది శిలనే సముద్రము తొలిచివేయుచున్నదనియు తేల్చిరి. మనుష్యుడు కట్టినది నిలిచెను; ప్రకృతి యిచ్చిన పునాది అరిగెను. దీపములను నిర్వహించు ట్రినిటీ హౌస్ సంస్థవారు, తమ ప్రధాన ఇంజనీరగు జేమ్స్ డగ్లస్ చేత సమీపమందలి గట్టి శిలపై నాలుగవ స్తంభమును కట్టించిరి. అది 1882 మే నెలలో వెలిగెను. 1982లో యంత్రముల సాయముతో తనంత తానే పనిచేయునట్లు మార్పుజెంది నేటికిని అది దారి చూపుచున్నది.

పాతదానిని పడగొట్టి సముద్రములో కలిపివేయుట సులభమైన పని. కాని ప్లిమత్ ప్రజలు అందుల కంగీకరింపలేదు. చందాలు వసూలు చేసిరి. స్తంభము పైభాగమును వరుస వెంబడి వరుసగా విప్పి, పడవలపై ఒడ్డునకు తెచ్చి, పట్టణమున హో యను పేరుగల ఎత్తైన మైదానమున, క్రొత్తగా కట్టిన గ్రానైటు పీఠముపై మరల కూర్చి, 1884లో ప్రజల దర్శనార్థము తెరచిరి. ఇది ఎట్టి జీర్ణోద్ధరణమో శ్రోతలు గమనింపవలయును. స్మీటన్ కూర్చిన రాళ్లు ఒండొంటిలో ఇమిడియుండుటచే, పైవరుస తీయక క్రిందివరుసను కదల్చుటకు వీలులేదు. కట్టినవాని క్రమమును తలక్రిందులుగా అనుసరించిననే గాని దానిని విప్పుట సాధ్యముకాదు. అనగా విప్పువారు కూడ స్మీటన్‌కు శిష్యులు కావలసివచ్చెను. ఇక అడుగున ఘనమైన భాగము సముద్రమధ్యముననే నిలిచిపోయెను. నేటికిని డగ్లస్ స్తంభము ప్రక్కన, అలల నడుమ, ఆ మొండెము చెక్కుచెదరక యున్నది. ఒడ్డున నున్న పీఠము క్రొత్తది. దానిమీది స్తంభము పాతది. ఈ భేదమును వారు దాచలేదు. క్రొత్తదానిని క్రొత్తదిగను, పాతదానిని పాతదిగను నిలిపి చూపుట జీర్ణోద్ధరణమున మొదటి నీతి.

అటుపిమ్మటి కాలములలోను దానిని ఉపేక్షింపలేదు. రెండవ ప్రపంచయుద్ధమున, 1941లో, ప్లిమత్ నగరము బాంబుల తాకిడికి శిథిలప్రాయమైనను, స్మీటన్ స్తంభము నిలిచెను. ఎరుపు, తెలుపు పట్టీలను కాలానుగుణముగా పూయుచు, లోపలి గదులను సందర్శకులకు తెరచియుంచి, ఆ నగరమువారు దానిని పోషించుచున్నారు. ఇరుకైన మెట్లపైని, నిచ్చెనలపైని ఎక్కి, సరుకులగదిని, వంటగదిని, పడకగదిని దాటి దీపపుగదిని చేరు బాలుడు, మూడుప్రక్కల సముద్రమును కాదు గదా, నాలుగుప్రక్కల సముద్రమునే సహించి ఆ గుండ్రని గదులలో బ్రతికిన కాపరుల జీవితమును పుస్తకముకంటె స్పష్టముగా తెలిసికొనును.

శ్రోతలారా, మనకు కూడ విశాలమైన తీరము కలదు. కళింగపట్టణము, భీమునిపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము మొదలగు రేవుల పూర్వవైభవమును తలచుకొనుచున్నామే గాని, ఆ రేవులకు దారి చూపిన దీపముల కథను మనము ఎంతమంది యెరుగుదుము? విజయనగరము జిల్లా తీరమున, చింతపల్లి వద్ద కొండపై, సమీపమందలి నీటిబండలనుండి నావలను కాపాడుటకు 1847లోనే దీపము నెలకొనియుండెను. భీమునిపట్టణపు సముద్రతీరమున పాతకాలపు దీపస్తంభము నేటికిని కనబడుచున్నది. ఇట్టివానిని బాగుచేయ బూనువారికి స్మీటన్ పాఠము మిక్కిలి ఉపయోగకరము. డంగుసున్నముతో కట్టిన గోడ తేమను లోనికి పీల్చి మరల వెలుపలికి విడుచుచుండును. అట్టి గోడకు గట్టి సిమెంటు పూత పూసినచో, ఆ తేమ వెలువడు దారి మూసికొనిపోయి, సముద్రపుగాలి తెచ్చిన ఉప్పు గోడలోపలనే స్ఫటికములై, ఇటుకను రాతిని పొడిచేయును. చూపులకు గట్టిపని, నిజమునకు నాశనము! కావున పాత సున్నమును పరీక్షించి, దానికి సరిపడు సున్నముతోనే మరమ్మతు చేయవలెను. క్రొత్తగా చేర్చినది ఏదో, ఎన్నడు చేర్చిరో వ్రాసియుంచవలెను. ఆ దీపములను కనిపెట్టిన కాపరుల వంశములవారు, వాని వెలుగున వేటనుండి తిరిగివచ్చిన బెస్తవారు చెప్పు మాటలను సేకరింపవలెను.

స్మీటన్ తనకు ముందు పడిపోయిన రెండు స్తంభములనుండి నేర్చుకొని మూడవదానిని కట్టెను. డగ్లస్ స్మీటన్ వలన నేర్చుకొని నాలుగవదానిని కట్టెను. ప్లిమత్ ప్రజలు తమకు ఇక ఉపయోగపడని కట్టడమును సైతము దాని యుపకారమును తలచి నిలుపుకొనిరి. ఉపకారస్మృతి కలవారికే జీర్ణోద్ధరణమునకు అర్హత కలదని నా దృఢమైన అభిప్రాయము. మన విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, తీరగ్రామముల పెద్దలు తమతమ సమీపమున నున్న పాత దీపస్తంభమును ఒక్కసారి వెళ్లి చూచి, దాని రాతిని, సున్నమును, చరిత్రమును గూర్చి తెలిసినంత వ్రాసి, తమ ఊరి గ్రంథాలయమున భద్రపరతురుగాక యని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.